న్యెరేరే ఊళ్లు: ఒప్పించి మొదలుపెట్టి, ఆర్డరు వేసి పూర్తిచేసిన కథ

ఇడీ అమీన్ పేరు మనలో చాలామందికి తెలుసు. ఎవరైనా మరీ పెత్తనం చేస్తుంటే ఆ పేరు పెట్టి తిట్టడం కూడా విన్నాం. అతన్ని 1979లో ఉగాండా నుంచి తరిమేసింది ఎవరు అంటే మాత్రం తడుముకుంటాం. పక్క దేశం టాంజానియా సైన్యం, దాంతో కలిసి పోరాడిన ఉగాండా ప్రవాసులు తరిమేశారు. ఆ సైన్యాన్ని పంపిన అధ్యక్షుడు ఒకప్పటి బడిపంతులు. పేరు జూలియస్ న్యెరేరే. టాంజానియాలో ఆయన్ని ఈరోజుకీ 'మ్వాలిము' అనే అంటారు. అక్కడి భాష స్వాహిలీలో ఆ మాటకు పంతులుగారు అని అర్థం. పని మీద అక్కడి పెద్ద నగరం దారెస్‌సలామ్‌లో దిగే మనవాళ్లకు ఎయిర్‌పోర్టు మీద కనిపించే పేరు ఆయనదే.

ఆయన గురించి చదవడం మొదలుపెడితే రెండు కథలు ఎదురవుతాయి. మొదటి కథలో ఆయన చేతికి మట్టి అంటని నాయకుడు. నూట ఇరవైకి పైగా తెగలున్న దేశాన్ని తెగల కొట్లాట లేకుండా ఒక్కటిగా నిలబెట్టారు, ఊరూరా బడి పెట్టారు, తనంతట తాను కుర్చీ దిగారు. రెండో కథలో అదే మనిషి కోటికి పైగా జనాన్ని సొంత ఇళ్ల నుంచి కదిలించి, రోడ్ల పక్కన వరసగా కట్టిన కొత్త ఊళ్లలోకి పంపించారు. సేద్యం దెబ్బతింది, దేశం అప్పులపాలైంది. అభిమానులు మొదటి కథ చెబుతారు, విమర్శకులు రెండోది చెబుతారు. రెండూ జరిగినవే. వాటిని విడివిడిగా చెప్పినంతకాలం న్యెరేరే మనకు అర్థం కారని నేను అనుకుంటాను. ఊళ్లను ఎలా కట్టాలో ఆయనకు తెలుసు. స్వయంగా రాసి పెట్టుకున్నారు కూడా. అలా కట్టుకున్న ఊళ్లు ఆయన దేశంలోనే ఉండేవి. వాటిని ఆయన పార్టీయే మూయించింది. ఈ ముడి విప్పితే మిగతా చాలా ముడులు వాటంతట అవే విడిపోతాయి.

మూడో రోజు పార

న్యెరేరే తన దారికి పెట్టిన పేరు 'ఉజమా'. స్వాహిలీలో 'జమా' అంటే కుటుంబం, అయినవాళ్లు. అరబీ నుంచి వచ్చిన మాట ఇది. ఖాతాలో డబ్బు జమ అయిందని మనం అంటామే, ఆ 'జమ' కూడా అదే వేరు నుంచి మొలిచింది. స్వాహిలీలో ఇలాంటి చుట్టాలు మనకు చాలామంది. లాయరు అక్కడ కూడా 'వకీలి', రాసేది 'కలము', కొట్టు 'దుకా', అంటే మన దుకాణమే. హిందూ మహాసముద్రం మీద వందల ఏళ్లు నడిచిన వ్యాపారం మిగిల్చిన మాటలివి. ఉజమా అంటే కుటుంబంలా కలిసి బతకడం. దాన్ని వివరించడానికి 1962లో రాసిన ఒక చిన్న పుస్తకంలో న్యెరేరే స్వాహిలీ సామెత ఒకటి వాడారు. వచ్చిన అతిథిని రెండు రోజులు అతిథిగా చూడు, మూడో రోజు చేతికి పార ఇవ్వు.

ఈ సామెతను ఆయన ఎందుకు పట్టుకున్నారో చూడాలి. పాతకాలపు ఆఫ్రికా సమాజంలో అందరూ అందరినీ చూసుకునేవారు, కాబట్టి సోషలిజం మాకు యూరప్ నేర్పక్కర్లేదు అన్నది ఆయన వాదన. అలాగని ఊరికే కూర్చుని తినేవాళ్లకు ఆ సమాజంలో చోటు లేదు. చూసుకోవడం, పనిచేయడం రెండూ కలిస్తేనే కుటుంబం. అప్పట్లో సోషలిజం అనగానే మాస్కో, పెకింగ్ వైపు చూసేవారు. ఈయన అవ్వ చెప్పిన సామెతతో మొదలుపెట్టారు.

ఆయన 1922లో విక్టోరియా సరస్సు దగ్గర బుటియామా అనే ఊళ్లో, జనాకీ అనే చిన్న తెగ పెద్ద ఇంట్లో పుట్టారు. ఉగాండాలోని మకెరేరేలో, ఆ తర్వాత స్కాట్లండ్‌లోని ఎడింబరోలో చదివి, తిరిగొచ్చి దారెస్‌సలామ్ దగ్గర బడిలో పాఠాలు చెప్పారు. 1954లో 'టాను' పార్టీ పెట్టాక, బడి కావాలో పార్టీ కావాలో తేల్చుకోమంటే ఉద్యోగం వదిలేశారు. 1961 డిసెంబర్ 9న టాంగన్యీకాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1964లో జాంజిబార్ దీవులు కలిశాక ఈ రెండు పేర్లూ కలిపి టాంజానియా అయింది.

బ్రిటిష్ వాళ్లు వెళ్లేనాటికి మా దేశంలో ఇద్దరు ఇంజినీర్లు, 12 మంది డాక్టర్లు ఉన్నారని న్యెరేరే తర్వాత చెప్పుకునేవారు. పెద్దవాళ్లలో చదవడం రాయడం వచ్చినవాళ్లు బాగా తక్కువ. ఎగుమతి అంటే సీసల్ నార, కాఫీ, పత్తి. చమురు లేదు. ఉన్నదల్లా రైతులు, వాళ్ల చేతుల్లో పారలు.

ఆయన గుణం తెలిసే సంఘటన ఒకటి స్వాతంత్ర్యానికి ముందే జరిగింది. 1961 అక్టోబర్‌లో పౌరసత్వ బిల్లు సభకు వచ్చినప్పుడు, నల్లవాళ్లకే పౌరసత్వం ఇవ్వాలని సొంత పార్టీ సభ్యులే పట్టుబట్టారు. న్యెరేరే మండిపడ్డారు. చర్మం రంగు చూసి పౌరుణ్ని నిర్ణయించడం హిట్లర్ పని అన్నారు, అవసరమైతే రాజీనామా చేస్తామన్నారు. బిల్లు ఆయన కోరినట్టే గట్టెక్కింది. గుజరాతీ మూలాలున్న అమీర్ జమాల్ తర్వాత చాలా ఏళ్లు ఆ దేశానికి ఆర్థిక మంత్రిగా పనిచేశారు. పక్కనున్న ఉగాండాలో ఇడీ అమీన్ 1972లో మన దేశం వాళ్లను కట్టుబట్టలతో వెళ్లగొట్టాడు. టాంజానియాలో ఆ పని జరగలేదు. 1971లో లక్ష షిల్లింగులకు పైగా విలువుండి అద్దెకిచ్చిన భవనాలను ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఎక్కువ దెబ్బ తగిలింది అక్కడి భారతీయ కుటుంబాలకే. వేలమంది దేశం వదిలి వెళ్లారు. చట్టంలో జాతి ప్రస్తావన లేకపోయినా పోయిన ఇల్లు పోయినట్టే. ఈ విషయం దాటేసి ఆయన్ని పొగడటం సరికాదు.

జీతం కోసుకున్న రోజు

1966 అక్టోబర్ 22న దారెస్‌సలామ్ యూనివర్సిటీ విద్యార్థులు ఊరేగింపుగా అధ్యక్ష భవనానికి వచ్చారు. చదువు అయ్యాక కొంతకాలం జీతంలో కోతతో జాతీయ సేవ చేయాలని ప్రభుత్వం పెట్టిన నిబంధన మీద వాళ్లకు కోపం. చేతుల్లో ప్లకార్డులు. వలస పాలనే నయం అని రాసి ఉంది ఒకదాని మీద.

న్యెరేరే బయటికి వచ్చి వాళ్లు చెప్పింది విన్నారు. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టారు, మాట్లాడుతున్న కొద్దీ కోపం పెరిగింది. మీరు చెప్పింది ఒక్కటి నిజం, ఈ దేశంలో చదువుకున్నవాళ్ల జీతాలు ఎక్కువే, మీవే కాదు నావి కూడా, అన్నారు. తన జీతం 20 శాతం తగ్గించుకుంటున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు. ఆ తర్వాత దాదాపు 400 మంది విద్యార్థులను ఇళ్లకు పంపేశారు.

ఈ ఒక్క మధ్యాహ్నంలో మనిషి మొత్తం కనిపిస్తాడు. కోత తన జీతంతో మొదలుపెట్టడం ఆయన గొప్పతనం. ఎదురు చెప్పిన పిల్లలను ఒక్క మాటతో చదువుకు దూరం చేయగలగడం ఆయన చేతిలో ఉన్న అధికారం. తర్వాతి పదేళ్లలో దేశం ఈ రెండింటినీ చూసింది.

మూడున్నర నెలలకు, 1967 ఫిబ్రవరి 5న, పార్టీ తన సోషలిస్టు దారిని చాటిన అరూషా ప్రకటన వచ్చింది. బ్యాంకులను మరునాడే జాతీయం చేశారు. పేపర్లన్నీ ఆ వార్తతో నిండిపోయాయి. నాకు మాత్రం అందులో అసలైన భాగం నాయకులకు పెట్టిన కట్టుబాటు అనిపిస్తుంది. పార్టీ నాయకులు, పెద్ద ఉద్యోగులు ఏ కంపెనీలోనూ షేర్లు కొనకూడదు. డైరెక్టరుగా ఉండకూడదు. రెండు జీతాలు తీసుకోకూడదు. ఇల్లు కట్టి అద్దెకు ఇవ్వకూడదు. అప్పటికి తూర్పు ఆఫ్రికాలో బెంజి కార్లలో తిరిగే కొత్త పెద్దమనుషులకు జనం 'వబెంజి' అని తెగ పేరు లాంటి పేరు పెట్టేశారు. టాంజానియాలో ఆ తెగ పెరగకుండా చూడాలన్నది న్యెరేరే పట్టుదల.

అదే ప్రకటనలో ఇంకో హెచ్చరిక ఉంది. విదేశాల నుంచి అప్పు తెచ్చి పట్నంలో ఆస్పత్రులు, రోడ్లు, ఫ్యాక్టరీలు కట్టుకుంటాం. ఆ అప్పు తీరేది మాత్రం పల్లె రైతు పండించిన పత్తి, కాఫీ అమ్మితే వచ్చే డాలర్లతో. జాగ్రత్తపడకపోతే ఈ దేశంలో అసలు దోపిడీ పట్నం పల్లెను దోచుకోవడమే అవుతుంది. 1967లో ఇంత సూటిగా చెప్పిన దేశాధినేతలు అరుదు. తర్వాత ఏం జరిగిందో తెలిశాక ఈ వాక్యం చదివితే మనసు బరువెక్కుతుంది.

లిటోవా

ఉజమా ఊళ్లు ఎలా ఉండాలో న్యెరేరే 1967 సెప్టెంబర్‌లో వివరంగా రాశారు. పది కుటుంబాలు ఇష్టపడి కలుస్తాయి. కొంత భూమి ఉమ్మడిగా సాగు చేస్తాయి. లాభం కళ్లకు కనిపించాక ఇంకో పది కుటుంబాలు వస్తాయి. ఎవరినీ బలవంతపెట్టకూడదు. మరుసటి ఏడాది ఇంకా గట్టిగా రాశారు. మనుషులను ఎవరూ అభివృద్ధి చేయలేరు, వాళ్లు తమను తామే అభివృద్ధి చేసుకోవాలి, పశువులను తోలినట్టు తోలి అభివృద్ధి తేలేం అని.

ఇది కాగితం మీది కలేం కాదు. దేశం దక్షిణ కొసన, మొజాంబిక్ సరిహద్దు దగ్గర, రువుమా ప్రాంతంలో అలాంటి ఊళ్లు అప్పటికే ఉన్నాయి. 1960ల మొదట్లో లిటోవా అనే చోట కొందరు యువకులు అడవి నరికి, గుడిసెలు వేసుకుని మొదలుపెట్టారు. ఒకటి రెండుసార్లు తడబడ్డారు. నిలదొక్కుకున్నాక చుట్టుపక్కల వాళ్లు వచ్చి చూసి తమ ఊళ్లలోనూ అలాగే చేసుకున్నారు. 1969 నాటికి రువుమా అభివృద్ధి సంఘం కింద పదిహేనుకు పైగా ఊళ్లున్నాయి. వాళ్లకు సొంత పిండిమర ఉంది, రంపపు మిల్లు ఉంది. లిటోవాలో సొంత బడి ఉంది, అందులో పిల్లలు పాఠాలతో పాటు పొలం పనీ నేర్చుకునేవారు. ఏ పంట వేయాలి, మిల్లు డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నది ఊరి మీటింగులో తేలేది. తప్పు చేస్తే తప్పు వాళ్లదే, మళ్లీ మీటింగు పెట్టుకుని దిద్దుకునేవారు.

న్యెరేరేకు ఈ ఊళ్లంటే ఇష్టం, వాటి గురించి తెలుసుకుని మెచ్చుకున్నారు కూడా. ఇబ్బంది వచ్చింది మధ్యలో ఉన్నవాళ్లకు. అక్కడి రీజనల్ కమిషనర్ అంటే మన కలెక్టరు లాంటి పదవి, కాకపోతే పార్టీ పదవి కూడా ఆయనదే. రువుమా ఊళ్లు ఆ ఆఫీసు చెప్పింది చెప్పినట్టు చేయవు. ప్రశ్నలు వేస్తాయి. తమ నిర్ణయాలు తామే చేసుకుంటాయి. పార్టీకి పోటీగా ఇంకో అధికారం పుడుతోందని పెద్దలకు గుబులు పట్టుకుంది. 1969 సెప్టెంబర్‌లో పార్టీ కేంద్ర కమిటీ కూర్చుని సంఘాన్ని రద్దు చేసింది. ఆ కమిటీకి అధ్యక్షుడు న్యెరేరే. మెజారిటీ రద్దు అంది, ఆయన సరే అన్నారు. పిండిమర, రంపపు మిల్లు సహా సంఘం ఆస్తులను స్వాధీనం చేసుకున్నారు.

ఆయన జీవితం మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తర్వాత జరిగిన బలవంతం కన్నా ఇది చిన్నది, లెక్కల్లో కనిపించదు. కానీ ఉజమా అంటే ఏమిటో చేతలతో చూపించినవాళ్లు దేశంలో ఉన్నారు. వాళ్లను వదిలి పార్టీని ఎంచుకున్న రోజున ఇక మిగిలింది పార్టీ యంత్రాంగమే. దానికి తెలిసిన పద్ధతి ఒక్కటే, పైనుంచి టార్గెట్, కిందికి ఆర్డరు.

లారీలు వచ్చిన ఏళ్లు

ఒప్పించడం ఆలస్యమవుతోందని కమిషనర్లకు టెన్షన్ మొదలైంది. ఎవరి ప్రాంతంలో ఎన్ని ఊళ్లు లేచాయన్నదే వాళ్ల పనితనానికి కొలత. ఇరింగా ప్రాంతంలోని ఇసిమానిలో మొక్కజొన్న బాగా పండించే రైతులున్నారు. అక్కడి కమిషనర్ విల్బర్ట్ క్లెరూ ఊళ్ల కార్యక్రమాన్ని దూకుడుగా నడిపించారు. 1971 డిసెంబర్ 25, క్రిస్మస్ రోజు, పొలంలో పనిచేసుకుంటున్న ఒక రైతు దగ్గరికి వెళ్లి గొడవపడ్డారు. రైతు తుపాకీతో కాల్చి చంపాడు. ఆ తర్వాత శవాన్ని కమిషనర్ కారులోనే వేసుకుని పోలీసుల దగ్గరికి వెళ్లి లొంగిపోయాడు. అతన్ని ఉరితీశారు. ఆ కాల్పుల వెనక ఉన్న కోపాన్ని అర్థం చేసుకోవడానికి ఆగాల్సిన చోట ప్రభుత్వం ఆగలేదు.

1973 నవంబర్‌లో న్యెరేరే ప్రకటించారు, ఊళ్లలో కలిసి బతకడం ఇక ఇష్టాయిష్టాల విషయం కాదు, ఆర్డరు అని. మనుషులు తమను తామే అభివృద్ధి చేసుకోవాలని రాసి అప్పటికి అయిదేళ్లు. 1976 కల్లా జనం అంతా ఊళ్లలోకి రావాలని గడువు పెట్టారు. సైన్యం, పార్టీ యువజన దళం, లారీలు దిగాయి. కదలనన్నవాళ్ల గుడిసెలు కూల్చారు, కొన్నిచోట్ల తగలబెట్టారు. 1977 నాటికి ఏడు వేలకు పైగా ఊళ్లలో కోటికి పైగా జనం. దేశం మొత్తం జనాభా అప్పటికి కోటీ డెబ్బై లక్షలు. ఉమ్మడి సేద్యం మాట పక్కకు పోయింది, జనం ఒకచోట చేరితే చాలన్నారు. కిలిమంజారో వాలు మీద, బుకోబా వైపు అప్పటికే ఇళ్లూ అరటితోటలూ కిక్కిరిసి ఉన్నాయి. అక్కడ కదిలించడానికి పెద్దగా ఏమీ లేకపోయింది.

ఆఫీసులో కూర్చుని మ్యాపు చూసేవాళ్లకు రైతు ఇళ్లు చెల్లాచెదురుగా, అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. రైతుకు దానికో లెక్క ఉంది. వాన మీదే ఆధారపడే మెట్ట సేద్యం అది. ఈ దిబ్బ మీద వాన తప్పినా ఆ పల్లంలో పడొచ్చు, అందుకే పొలాలు నాలుగు చోట్ల ఉంటాయి. నేల అలసిపోతే పక్కకు జరిగి దీన్ని బీడు వదులుతారు. ఇల్లు పొలం దగ్గరే ఉంటే కోతుల నుంచి, అడవి పందుల నుంచి పంటను కాపాడుకోవచ్చు. మన మెట్ట రైతుకు ఇందులో ఒక్క మాట కూడా విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్త ఊళ్లను రోడ్డు వెంట వరసగా కట్టారు, లారీలకు, అధికారుల జీపులకు వీలుగా. పొలానికి గంటలకొద్దీ నడక మిగిలింది. ఊరి చుట్టూ ఉన్న కాస్త నేలనే ఏటేటా దున్నితే సారం పోయింది. వంటచెరుకు దొరికే చోటు దూరమైంది, ఆ బరువు ఆడవాళ్ల నెత్తిన పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1973-74లో కరువు వచ్చింది. ప్రభుత్వం విలువైన విదేశీ మారకం ఖర్చుపెట్టి తిండిగింజలు కొనుక్కోవాల్సి వచ్చింది. కరువు పాలెంత, ఊళ్ల మార్పిడి పాలెంత అని ఈరోజుకీ వాదించుకుంటారు. రెండూ ఒకేసారి రైతు మీద పడ్డాయన్నది మాత్రం కాదనలేం.

1976లో ఇంకో దెబ్బ. రైతులు దశాబ్దాలుగా కట్టుకున్న సహకార సంఘాలను రద్దు చేశారు. కిలిమంజారో కాఫీ రైతుల సంఘం 1930ల నుంచి ఉంది, విక్టోరియా సరస్సు పక్కన పత్తి రైతుల సంఘాలు ఆఫ్రికాలోనే పెద్దవి. వాటిలో అవినీతి ఉండేది, నిజమే. వాటి స్థానంలో వచ్చిన ప్రభుత్వ పంటల సంస్థలు జీతాలకు, లారీలకు, నష్టాలకు ఖర్చులు కోసుకుని మిగిలింది రైతుకు ఇచ్చాయి. రైతుకు దక్కే వాటా తగ్గింది. గిట్టుబాటు కాక, పండించింది దొంగదారిన సరిహద్దు దాటించినవాళ్లు ఉన్నారు, ఎగుమతి పంట మానేసి తిండి పంట వేసుకున్నవాళ్లు ఉన్నారు. పట్నం పల్లెను దోచుకుంటుందన్న అరూషా హెచ్చరిక ఆయన ప్రభుత్వం చేతుల మీదుగానే నిజమైంది. 1982లో సహకార సంఘాలను మళ్లీ తెరిచారు. తప్పు చేశామని న్యెరేరే తర్వాత ఒప్పుకున్నారు.

అవే ఊళ్లలో బడి

కథ ఇక్కడ ఆపితే సగమే చెప్పినట్టు. ఏ ఊళ్లలోకి జనాన్ని తోలారో ఆ ఊళ్లలోనే బడి పెట్టారు, చాలాచోట్ల బోరో బావో తవ్వారు, దవాఖానా తెరిచారు. 1974లో ముసోమాలో పార్టీ తీర్మానం చేసింది, మూడేళ్లలో ప్రతి పిల్లా పిల్లాడూ ప్రాథమిక బడిలో ఉండాలని. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రాథమిక బడుల్లో పిల్లలు 5 లక్షల లోపు, 1980 నాటికి 30 లక్షలు దాటారు. అంతమంది పంతుళ్లు లేరు. ఏడో తరగతి పాసైనవాళ్లనే తీసుకుని, వాళ్లు పాఠాలు చెబుతుండగానే రేడియో ద్వారా, ఉత్తరాల ద్వారా ట్రైనింగు ఇచ్చారు. చదువు నాణ్యత పడిపోయిందన్న విమర్శలో నిజముంది. అయినా ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ పలక పట్టి ఉండరు.

1973లో రేడియోలో 'మ్టు ని ఆఫ్యా' అని ఒక కార్యక్రమం వచ్చింది. మనిషంటే ఆరోగ్యమే అని దాని అర్థం. వారానికోసారి ఊళ్లో కొందరు ఒకే రేడియో చుట్టూ కూర్చునేవారు. మలేరియా గురించి, నీళ్లు కాచుకోవడం గురించి వినేవారు, చేతిలో ఉన్న చిన్న పుస్తకం చదువుకునేవారు, తర్వాత మన ఊళ్లో ఏం చేద్దాం అని మాట్లాడుకునేవారు. దాదాపు 20 లక్షల మంది ఇలా కూర్చున్నారు. కార్యక్రమం పూర్తయ్యేలోగా లక్షల మరుగుదొడ్లు లేచాయి. ఊళ్ల విషయంలో లారీలు దిగిన ఏళ్లలోనే, రేడియో విషయంలో అదే ప్రభుత్వం చెప్పి, వినిపించి, మాట్లాడుకోనిచ్చింది. అందుకే న్యెరేరేకు ఒప్పించడం చేతకాదని నేను అనను. చేతనై కూడా వదిలేశారు.

భాష సంగతి వేరే చెప్పాలి. స్వాహిలీ ఏ పెద్ద తెగకూ సొత్తు కాదు, తీరం నుంచి వ్యాపారంతో లోపలికి వచ్చిన భాష. న్యెరేరే దాన్ని ప్రభుత్వ భాష చేశారు, ప్రాథమిక చదువు దాంట్లోనే. షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకాన్ని అధ్యక్షుడిగా ఉంటూనే స్వాహిలీలోకి అనువదించారు, ఆ భాష దేన్నైనా మోయగలదని చూపించడానికి. 1967 తర్వాత జనగణనలో తెగ ఏమిటని అడగడం మానేశారు. హైస్కూలు నుంచి మాత్రం ఇంగ్లీషే మిగిలిపోయింది. ఏడేళ్లు స్వాహిలీలో చదివిన పిల్లలు ఎనిమిదో తరగతికి రాగానే ఒక్కసారిగా ఇంగ్లీషులో పాఠం వినాలి. ఆ గోడ దగ్గర ఆగిపోయిన పిల్లల సంగతి టాంజానియాలో ఇప్పటికీ తెగని చర్చ. తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అని మనం వాదించుకుంటున్నప్పుడు ఈ అనుభవం వివరంగా చదవాల్సింది.

రాజకీయంగా చూస్తే దేశంలో 1965 నుంచి ఒకే పార్టీ. విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం 1962 నుంచే ఉంది, దాన్ని వాడారు. కార్మిక సంఘాలను కలిపి ప్రభుత్వం కిందకు తెచ్చారు. పొరుగు దేశాలతో పోల్చి ఇది మెతక పాలన అంటారు. పోలిక నిజమే కానీ జైల్లో ఉన్నవాడికి దాంతో ఒరిగేదేమీ లేదు. ఊళ్ల విషయంలో జరిగిన పొరపాటు అంత దూరం వెళ్లడానికి కారణం కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వద్దు అని గట్టిగా చెప్పగల ప్రతిపక్షం, పేపరు, రైతు సంఘం, ఏ ఒక్కటీ మిగల్లేదు. రువుమా మిగిలి ఉంటే చెప్పేదేమో.

బయటి దెబ్బలూ తక్కువేం కాదు. 1973లో చమురు ధర ఎగసింది, 1979లో మళ్లీ. 1977లో కెన్యా, ఉగాండాలతో ఉన్న తూర్పు ఆఫ్రికా కూటమి కూలింది. 1978 అక్టోబర్‌లో అమీన్ సైన్యం కగేరా నది దాకా చొచ్చుకొచ్చి ఊళ్లను దోచింది. తిప్పికొట్టి ఉగాండా రాజధాని కంపాలా దాకా వెళ్లడానికి 50 కోట్ల డాలర్ల దాకా ఖర్చయిందని అంచనా. ఆ భారం అప్పట్లో టాంజానియా మీదే పడింది. దక్షిణాఫ్రికా, మొజాంబిక్, రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) విముక్తి ఉద్యమాలకు దారెస్‌సలామ్ ఆశ్రయమిచ్చింది. జాంబియా రాగి తెల్లవాళ్ల పాలనలోని రొడీషియా మీదుగా పోనక్కర్లేకుండా చైనా వడ్డీలేని అప్పుతో 1,860 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. పేద దేశం ఇంత భారం ఎత్తుకోవడం తప్పని నేను అనలేను. అక్కడి జనం మోసిన ఆ బరువులో ఇంకొకరి స్వేచ్ఛ ఉంది.

అప్పు కోసం వెళ్తే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) కరెన్సీ విలువ తగ్గించమంది, ఖర్చులు కోయమంది. న్యెరేరే ఎదురుతిరిగారు. ప్రపంచానికి ఆర్థిక మంత్రిత్వ శాఖగా మిమ్మల్ని ఎవరు నియమించారని అడిగారు. ఈ ప్రశ్న సరైనదే. కానీ అంగట్లో సబ్బు, చక్కెర దొరకని రోజులవి, దేశానికి వేరే దారి మిగల్లేదు. 1985లో ఆయన పదవి దిగి అలీ హసన్ మ్వినీకి అప్పగించారు, మరుసటి ఏడాది కొత్త ప్రభుత్వం ఐఎంఎఫ్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. నాయకుల కట్టుబాటును 1990ల మొదట్లో జాంజిబార్‌లో కూర్చుని సడలించేశారు. ఇప్పుడు నాయకుడు షేర్లూ కొనొచ్చు, ఇల్లూ అద్దెకివ్వచ్చు. 1992లో ఇతర పార్టీలకు దారి తెరవాలని నచ్చజెప్పినవాళ్లలో న్యెరేరే కూడా ఉన్నారు.

పదవి దిగాక 1987 నుంచి 1990 దాకా పేద దేశాల తరఫున ఏర్పడ్డ సౌత్ కమిషన్‌కు ఆయన అధ్యక్షుడు. దానికి సెక్రటరీ జనరల్ మన మన్మోహన్ సింగ్. 1995లో భారత ప్రభుత్వం మొదటి గాంధీ శాంతి బహుమతిని ఆయనకే ఇచ్చింది. 1999 అక్టోబర్ 14న లండన్‌లో కన్నుమూశారు, బుటియామాలో సమాధి చేశారు. అంతకు ఏడాది ముందు ఒక ఇంటర్వ్యూలో ఆయన చెప్పారు, వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు వాళ్లు తనను మొదట అడిగిన ప్రశ్న మీరెందుకు ఫెయిలయ్యారని. ఇద్దరు ఇంజినీర్లు, 12 మంది డాక్టర్లతో మొదలుపెట్టి తాను దిగేనాటికి దేశంలో 91 శాతం అక్షరాస్యత ఉందని, ఆ తర్వాతి పదేళ్లలో మీ సలహాలతో తలసరి ఆదాయమూ తగ్గింది, బడికెళ్లే పిల్లలూ తగ్గారని ఆయన జవాబిచ్చారు. బడి గురించి ఆ జవాబులో బలముంది. ఊళ్లు కదిలించడం గురించి అందులో ఏమీ లేదు.

ఆ ఊళ్లు మాత్రం ఉన్నాయి. ఉజమా పేరు పోయింది, ఉమ్మడి పొలాలు పోయాయి. కొందరు పాత చోట్లకు తిరిగి వెళ్లారు, ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు, అక్కడే పిల్లలు పుట్టారు. 1999లో వచ్చిన గ్రామ భూమి చట్టం ఈ ఊళ్లనే పునాదిగా తీసుకుంది. ఊరి భూమిని చూసుకునేది ఊరి కౌన్సిల్, దాన్ని ఎవరికైనా ఇవ్వాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. చట్టాన్ని పక్కనపెట్టి భూములు లాక్కునే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి, ఊళ్లు వాటి మీద కొట్లాడుతూనే ఉన్నాయి. ఆ సభలో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ, ఆడా మగా, సభ్యులే. లేచి నిలబడి వద్దు అనొచ్చు. 1974లో లారీ ఎక్కమన్నప్పుడు వాళ్ల అమ్మానాన్నలకు ఆ సభ లేదు.